ఇంట్లో రెండు పెద్ద పిల్లులు, వీధి నుంచి వచ్చిన కూన: ఎప్పుడు కలపాలి, ఎలా కలపాలి?

గోడమీదపిల్లి

అందరికీ నమస్కారం. మళ్ళీ అడిగే పని లేకుండా వివరాలు ముందే ఇచ్చేస్తున్నా.

కూన: ఆడది, 780 గ్రాములు, తల్లి జాడ లేదు. చెవుల్లో నల్లటి మురికి. బాగానే తింటోంది, విరేచనం మెత్తగా ఉంది.

పాతవి: ఆరేళ్ళ ఆడది, మూడేళ్ళ మగది. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. టీకా వేసి 14 నెలలు.

కూన బాత్రూంలో ఉంది, ఇది రెండో రోజు. పెద్దావిడ తలుపు కింద సందులో ముక్కు పెట్టి బుసకొడుతోంది. మగాడికి పట్టింపు లేదు. ఎన్నాళ్ళు విడిగా ఉంచాలి? ఉన్న లిట్టర్ బాక్సులు (మలమూత్రాల పెట్టెలు) రెండూ సరిపోతాయా? మొదటిసారి ఎదురెదురుగా ఎలా పెట్టాలి?

అటకమీద

ఇంత ఆలోచన ఎందుకండీ. తలుపు తీసి వదిలేస్తే రెండు రోజులు గుర్రుమని అవే సర్దుకుంటాయి.

మందులపెట్టె

అటకమీద గారూ, మీరన్న సర్దుకోవడం చాలా ఇళ్ళలో ఎలా ఉంటుందంటే, చిన్నది సోఫా కింద, పెద్దది బీరువా మీద, దారి దాటే ధైర్యం లేక ఎవరి పరుపు మీదో తడి. అది సర్దుబాటు కాదు, సరిహద్దు. సరే, కొట్లాట మాట పక్కన పెడదాం. రెండో రోజు తలుపు తీయకూడదు అనడానికి అసలు కారణం జబ్బులు.

గోడమీదపిల్లి గారూ, ముందు వయసు తేల్చుకోండి. పెదవి ఎత్తి చూడండి. ముందు పళ్ళు, కోరలు వచ్చి దవడ పళ్ళు ఇంకా పొడుస్తుంటే నాలుగు నుంచి ఆరు వారాలు. పాలపళ్ళు 26 మొత్తం వచ్చేసి ఉంటే ఎనిమిది వారాల దరిదాపు. ముందు పళ్ళు ఊడి వాటి చోట పెద్దవి వస్తుంటే నాలుగు నెలల దగ్గర. బరువు బట్టి చెప్పే లెక్క నెలకి సుమారు 450 గ్రాములు. మీ 780 ఏడెనిమిది వారాల కూన కావచ్చు, మూడు నెలలు నిండి బక్కచిక్కినదీ కావచ్చు. టీకా, మందు మోతాదు, మచ్చిక అయ్యే వేగం అన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి ఊహించవద్దు, పళ్ళు చూడండి.

వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి రోజూ ఒకే వేళకి తూచండి. రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. బరువు తగ్గితే అదే రోజు డాక్టర్ దగ్గరికి. ఈ వయసులో పూటంతా తిండి ముట్టకపోయినా అంతే, రేపటిదాకా ఆగకండి.

విడిగా ఉంచడం కనీసం 14 రోజులు. పాన్‌ల్యూకోపేనియా (వాంతులు, విరేచనాలతో కూనల ప్రాణం తీసే వైరస్ జబ్బు) లోపల ఉంటే సాధారణంగా పది రోజుల్లోపే బయటపడుతుంది. తుమ్ములు, కళ్ళ పుసి తెచ్చే హెర్పిస్, క్యాలిసి వైరస్‌లు కూడా రెండు వారాల్లోపు. తామర మాత్రం మూడు వారాల దాకా దాక్కోగలదు. అందుకే చెవుల అంచులు, ముక్కు మీద, ముందు కాళ్ళ మీద వెంట్రుక ఊడి గుండ్రంగా పొలుసు కడుతోందేమో రోజూ వెలుతురులో చూడండి. డాక్టర్లు తామర కోసం వేసి చూసే నీలి దీపం కింద మెరవలేదని తామర లేదనుకోవద్దు, మెరవనివీ చాలా ఉంటాయి. అనుమానం ఉంటే డాక్టర్ వెంట్రుకల కల్చర్ (తామర ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్ష) పెట్టిస్తారు.

లుకేమియా వైరస్ (పిల్లి రక్తాన్ని, రోగనిరోధక శక్తిని దెబ్బతీసేది) పరీక్ష ఇప్పుడు ఒకసారి, మళ్ళీ కనీసం 30 రోజులకి ఒకసారి. ఈ మధ్యనే సోకి ఉంటే మొదటి పరీక్షలో దొరకదు. ఇది లాలాజలంతో, ఒకదాన్నొకటి నాక్కోవడంతో, ఒకే గిన్నెలో తినడంతో అంటుకుంటుంది, కాబట్టి పెద్దవాటికి ఆ టీకా లేకపోతే రెండో ఫలితం దాకా ఆగడమే క్షేమం. ఎఫ్‌ఐవీ (పిల్లి రోగనిరోధక శక్తిని తగ్గించే ఇంకో వైరస్) వేరే. అది ముఖ్యంగా లోతైన కాట్లతో పాకుతుంది. పైగా కూనలో పాజిటివ్ వస్తే అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కావచ్చు, ఆరు నెలలు నిండాక మళ్ళీ చేయించాలి. ఆ ఒక్క కాగితం చూసి కూనని వదిలేసుకునే వాళ్ళున్నారు, అన్యాయం.

కాఫీ పొడిలా రాలే ఆ చెవి మురికి చాలావరకు మైట్లే (చెవిలో ఉండే అతి చిన్న పురుగులు). చెవిలో చెవి పెట్టినంత తేలిగ్గా అంటుకుంటాయి. కూనలో మైట్లు తేలితే పెద్దవాటి చెవులూ చూపించండి, మూడింటికీ ఒకేసారి మందు పడాలి.

వెన్నముద్ద

పైదానికి కొంచెం కలుపుతా.

నులిపురుగులకి పైరాంటెల్ బరువు చూసి వేస్తారు, రెండు వారాలకి మళ్ళీ వేయాలి. ఒక్క మోతాదుతో ఆపేస్తే అప్పటికి పొట్టలో పిల్లపురుగులుగా ఉన్నవి పెరిగి మొదటికొస్తుంది. ఈ మందు బద్దెపురుగుల మీద పనిచేయదు. తోక కింద బియ్యపుగింజల్లాంటివి కనిపిస్తే వాటికి ప్రాజిక్వాంటెల్. బద్దెపురుగులు వచ్చేది ఫ్లీలని (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగుల్ని) మింగడం వల్ల కాబట్టి ఫ్లీల పని పట్టకుండా ఆ మందు వేస్తే నెల తిరక్కుండా మళ్ళీ వస్తాయి. మెత్తటి విరేచనం పురుగుల మందు తర్వాత కూడా తగ్గకపోతే తాజా నమూనా తీసుకెళ్ళి కాక్సిడియా, జియార్డియా (పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు) చూడమనండి. పైరాంటెల్‌కి ఈ రెండూ లొంగవు.

ఫ్లీ దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలకల్ని తడి తెల్లకాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రగా మరక పాకితే అది ఫ్లీ మలం, అంటే కూన రక్తం. చిగుళ్ళు పాలిపోయి ఉంటే అది అత్యవసరం, ఈ సైజు కూనల ప్రాణం ఫ్లీలే తీయగలవు. కుక్కలకి వేసే చుక్కల మందు మాత్రం ఇంట్లో ఉన్నా ముట్టుకోవద్దు. వాటిలో కొన్నిటిలో ఉండే పర్‌మెత్రిన్ పిల్లికి విషం. జ్వరం అనిపించి పారాసిటమాల్ ముక్క వేయడం కూడా అంతే.

ఆవు పాలు పోయొద్దు. పిల్లి కళ్ళు మూసుకుని తాగుతుంది నిజమే, తర్వాత కళ్ళు తెరిచి శుభ్రం చేయాల్సింది మనం.

గోడమీదపిల్లి

పళ్ళు చూశాను, దవడ పళ్ళతో సహా అన్నీ వచ్చాయి, చిన్నవే. ఎనిమిది వారాలనుకుంటా. బాత్రూంలో వాడిన బకెట్, చేతులు, చెప్పులు వీటి సంగతేంటి? శానిటైజర్ రాసుకుంటే చాలా?

మందులపెట్టె

చాలదు. పాన్‌ల్యూకోపేనియా వైరస్ ఆల్కహాల్‌కి చావదు, నేల మీద ఏడాది దాకా బతకగలదు. చేతులు సబ్బుతో రుద్ది కడగాలి, రుద్దడంలోనే వైరస్ పోతుంది. ఆ గదికి విడి చెప్పులు, పైన తొడుక్కోవడానికి ఒక పాత చొక్కా తలుపు లోపలి వైపే ఉంచండి. తిండి పెట్టే వరుస కూడా ముఖ్యం: ముందు పాతవాటి పని, చివర్లో కూన పని.

నేలకి బ్లీచ్. 5 నుంచి 6 శాతం ఉండే మామూలు బ్లీచ్ లీటరు నీళ్ళకి 30 మిల్లీలీటర్లు. ముందు సబ్బు నీళ్ళతో మురికి తీసేయాలి, మురికి మీద పోస్తే బ్లీచ్ బలం అక్కడే ఖర్చయిపోతుంది. తర్వాత పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి, కడిగి, ఆరాకే కూనని వదలాలి. ఏ రోజుది ఆ రోజే కలపండి. మూత్రం ఉన్న చోట నేరుగా పోయొద్దు, ఘాటు వాయువు వస్తుంది. నీళ్ళలో పోయగానే పాలలా తెల్లబడే ఫినాయిల్ రకాలు అసలు వద్దు. వాటిలోని ఫినాల్‌ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు, పాదాలకి అంటినది నాకితేనే చాలు.

ఇంకొకటి, పెద్దవాటి టీకా 14 నెలలైంది అన్నారు. బూస్టర్ ఇప్పుడు కావాలా అని అడిగి, కావాలంటే తలుపు తీయకముందే వేయించండి. కూనకి ఇప్పుడు మొదలుపెట్టి మూడు నాలుగు వారాల తేడాతో 16 వారాల వయసు దాటేదాకా. ఎందుకన్నిసార్లంటే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా పట్టదు, అది ఏ వారం తగ్గుతుందో బయటికి తెలియదు.

మూలగది

చదువుతున్నాను, నాదీ ఇదే ప్రశ్న. ఇల్లంతా ఒకటే గది అయితే? బాత్రూం అందరూ వాడేదే.

వెన్నముద్ద

మూలగది గారూ, అప్పుడు పెద్ద పంజరం. కనీసం 90 సెంటీమీటర్ల పొడవు: ఒక చివర లిట్టర్ ట్రే, రెండో చివర తిండి, మధ్యలో దాక్కోవడానికి బోర్లించిన అట్టపెట్టె. మూడు వైపులా దుప్పటి కప్పండి. కప్పని పంజరంలో కూనకి నాలుగు దిక్కులా ముప్పే కనిపిస్తుంది, పెద్దవాటికేమో నాలుగు దిక్కులా పహరా తిరిగే అవకాశం. నేల మీద కన్నా బల్ల మీద మేలు. తుమ్ము తుంపర మీటరు పైనే ఎగురుతుంది, అందుకే పెద్దవాటి గిన్నెలు, పడక రెండు మీటర్ల అవతలికి జరపాలి. గది ఉన్నంత భద్రత దీనికి రాదు, కాబట్టి తుమ్ములో విరేచనాలో ఉన్న కూనని పంజరంలో పెట్టి అదే గదిలో ఉంచకండి. ఆ రెండు వారాలు వేరే ఇంట్లో ఉంచే దారి చూడండి.

మీసాలబాబాయ్

ఆరోగ్యం సంగతి అయిపోయింది కనుక నా వంతు. ఈ 14 రోజులు ఊరికే గడిపేవి కావు, పరిచయం ఇప్పుడే మొదలవుతుంది. పిల్లి మనిషిని చూసి గుర్తుపడుతుందేమో గానీ పిల్లిని మాత్రం వాసన చూసే మనది, పరాయిది అని తేలుస్తుంది. ఒకే ఇంటి పిల్లులు ఒకదానికొకటి బుగ్గలు రాసుకుని ఒక ఉమ్మడి వాసన తయారుచేసుకుంటాయి. మీ పని ఆ వాసనలో కూనని కొంచెం కొంచెంగా కలపడం.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మొదటి రోజే కూన పడుకున్న గుడ్డ తెచ్చి పెద్దపిల్లి ముందు వేస్తారు. గుడ్డతో పాటు మైట్లు, తామర, వైరస్ అన్నీ ఇస్తున్నట్టే. మొదటి రెండు వారాలు వాసన ఒకే దిక్కు నడవాలి, పాతవాటి నుంచి కూనకి. అదీ పాతవి తుమ్మకుండా ఉంటేనే. శుభ్రమైన నూలు మేజోడు చేతికి తొడుక్కుని పెద్దపిల్లి బుగ్గ మీద, కంటికీ చెవికీ మధ్య వెంట్రుక పలచగా ఉండే చోట, నోటి మూలల్లో మెల్లగా రాయండి. దానికి అది హాయి, తల తనే వంచుతుంది. ఆ మేజోడు కూన గిన్నెకి ఒక అడుగు దూరంలో పెట్టండి. ఏ పిల్లికి ఆ మేజోడు విడిగా. 14 రోజులు శుభ్రంగా గడిచి, పరీక్షలు బాగుంటేనే కూన వాసన బయటికి.

కూన గుడ్డని పెద్దవాటి పడక మీదో లిట్టర్ పక్కనో పెట్టొద్దు. నడిచే దారిలో, పక్కకి తప్పుకుని పోయేలా పెట్టి చుట్టూ నాలుగు ఇష్టమైన ముక్కలు చల్లండి. వాసన చూసి బుసకొట్టి వెళ్ళిపోతే ఏమీ కాదు, రేపు మళ్ళీ. చూసి, తల తిప్పేసి, ముక్క తినేస్తే ఆ మెట్టు దాటినట్టు.

తలుపు భోజనాలు. మూసిన తలుపుకి రెండు వైపులా గిన్నెలు, మొదటిసారి రెండేసి మీటర్ల దూరంలో. వరసగా రెండు పూటలు గిన్నె మీంచి తల ఎత్తకుండా తింటే 30 సెంటీమీటర్లు ముందుకి. మధ్యలో ఆపి తలుపు వైపు చూస్తూ బిగుసుకుంటే తర్వాతి పూట వెనకటి దూరానికి. రోజులు లెక్కపెట్టకండి, పూటలు లెక్కపెట్టండి. పిల్లులు రెండుంటే నెమ్మదైన పిల్లి వేగమే మీ వేగం. మీ మగాడు పద్నాలుగు పూటల్లో తలుపు దగ్గరికి వచ్చేసినా, పెద్దావిడ ఒకటిన్నర మీటరు దగ్గర ఉంటే కూన గిన్నె ఆవిడ కోసమే ఆగాలి.

గిన్నెలు తలుపుకి ఆనుకున్నా నింపాదిగా తింటున్నప్పుడు, విడిగా ఉంచే గడువు కూడా ముగిశాక, తలుపు బదులు జాలి తెర. పిల్లలకి కట్టే గేటు ఊచల మధ్య ఈ సైజు కూన జారిపోతుంది, దాని మీద సన్నకన్నుల లోహపు జాలి బిగించండి. జాలి మొత్తానికి దుప్పటి వేలాడదీసి, భోజనం వేళ కింద నుంచి ఒక 10 సెంటీమీటర్లే ఎత్తండి. ముందు పాదాలు కనబడతాయి, తర్వాత ఛాతీ, ముఖాలు చివర్లో. పిల్లులకి ముఖాముఖి చూపే కయ్యానికి కాలు దువ్వడం, అందుకే కింద నుంచి.

గోడమీదపిల్లి

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక సందేహం. పెద్దావిడ బుసలు తగ్గాయి. మగాడు చప్పుడు లేకుండా తలుపు ముందు గంటలు గంటలు కూర్చుంటున్నాడు. అది మంచిదే కదా?

మీసాలబాబాయ్

బుసకొట్టే పిల్లి కన్నా మాట్లాడని పిల్లినే ఎక్కువ గమనించాలి. బుస అంటే దూరం జరుగు అని చెప్పడం. చెప్పి ఊరుకుంటోంది, కాబట్టి మందలించకండి. మందలిస్తే బుస మానేసి నేరుగా చెయ్యి చేసుకోవడం నేర్చుకుంటుంది.

మగాణ్ణి పక్క నుంచి చూడండి. ఒక పక్కకి ఒరిగి, పంజాలు ఛాతీ కింద మడిచి, చెవులు ఇంట్లో చప్పుళ్ళకి తిరుగుతూ, మీరు పిలిస్తే తల తిప్పుతున్నాడా? ఊరికే కుతూహలం. అలా కాక వీపు వంగి, తల భుజాల కన్నా కిందికి దిగి, కంటిపాపలు వెలుతురులో కూడా పెద్దవై, తోక కొస మాత్రమే టక్ టక్ అని కొట్టుకుంటూ, తిండి గిన్నె చప్పుడుకి కూడా చూపు తిప్పకపోతే అది వేట. తలుపు కింద సందుకి చుట్టిన తువ్వాలు అడ్డం పెట్టి, ఆడే పుల్లతో (కొసకి బొమ్మ కట్టినది) పది నిమిషాలు దూరంగా లాక్కెళ్ళండి. ఆట చివర్లో తినడానికి ఏదైనా ఇవ్వాలి, వేట ముగిసినట్టు ఉంటుంది.

నల్లతోక

లిట్టర్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మూడు పిల్లులకి నాలుగు. కానీ నాలుగూ ఒకే గోడకి వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే, మూలన ఒక పిల్లి కూర్చుంటే అన్నిటికీ దారి మూసినట్టే. కనీసం రెండు మూడు చోట్ల, లోపలున్న పిల్లికి ఎదురుగా తప్పించుకునే దారి ఉండేలా. మూత ఉన్నవాటి మూతలు ఈ నెలలు తీసేయండి, లోపలున్న పిల్లిని గుమ్మంలో పట్టుకోవడం వీటికి ఇష్టమైన కుట్ర.

కూన ట్రే అంచు 5 సెంటీమీటర్ల ఎత్తు మించకూడదు, లిట్టర్ మందం 2, 3 సెంటీమీటర్లు చాలు. మూడు నెలలు వచ్చేదాకా గడ్డకట్టే రకం వద్దు. కూనలు నోట్లో పెట్టుకుంటాయి, తడికి గడ్డకట్టేది పొట్టలోనూ కడుతుంది. కాగితం గుళికలు, చెక్క గుళికలు మంచివి. కూన గదిలోని ట్రేని కలిపేశాక కూడా ఒక నెల అక్కడే ఉంచండి. తీసేసిన మర్నాడే ఆ మూలలో పోస్తే తప్పు కూనది కాదు.

అటకమీద

సరే, జాలి దాకా ఒప్పుకున్నా. జాలి తీసే రోజు ఏం చేయాలి? కూనని ఎత్తుకుని చూపిస్తే పోలా?

వెన్నముద్ద

అదొక్కటి మాత్రం చేయకండి. ఎత్తుకున్న కూన దిగి పారిపోలేదు, భయపడితే పాకేది మీ మెడ మీదికే. క్యారియర్‌లో పెట్టి హాలు మధ్యలో ఉంచడం కూడా ఇదే తప్పు, బోనులో పెట్టి జనానికి చూపించినట్టు.

ఇద్దరు మనుషులుండాలి. ముందు కూనతో విడిగా పావుగంట ఆడి, సగం కడుపు నింపి, గోళ్ళ కొసలు కత్తిరించండి. పెద్దవి ఆకలి మీద ఉండాలి, కూన అలసటలో ఉండాలి. మొదట పెద్దవాటిలో ఒకటే, మీ లెక్కలో మగాడు. ఒకరు అతనితో ఒక పుల్లతో, మరొకరు కూనతో ఇంకో పుల్లతో, మధ్య రెండు మీటర్లు. ఒకే పుల్లతో రెండింటినీ ఆడిస్తే ఆ బొమ్మ కోసమే తగువు. ఐదు నిమిషాలకి ఆపేయండి, బాగా జరుగుతున్నా సరే. బాగా జరుగుతుండగా ఆపితే రేపు బాగా మొదలవుతుంది. రోజుకి రెండు మూడుసార్లు. నాలుగైదు సార్లు చప్పుడు లేకుండా అయితే పది నిమిషాలు, తర్వాత పావుగంట, అలా.

పెద్దావిడ కోసం గదిలో 1.2 మీటర్ల ఎత్తు దాటిన చోటు రెండు సిద్ధం చేయండి, కూన ఇంకా ఎక్కలేనంత నున్నటి దారితో. ఇక్కడ సామెత తిరగబడుతుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటాం. కూన వచ్చిన ఇంట్లో కూనకి చెలగాటం, పెద్దపిల్లికి ప్రాణసంకటం. తోక మీద దూకడం, మెడ కొరకడం, నిద్రలో మీద పడటం. పెద్దది గోళ్ళు లోపలే ఉంచి ఒక్కటి తగిలిస్తే జోక్యం వద్దు, తోబుట్టువులు నేర్పాల్సిన పాఠం అదే. కొట్టాక వెంటపడితే, మూలకి తోస్తే, కూన అరుస్తున్నా వదలకపోతే అది పాఠం కాదు.

మీసాలబాబాయ్

అలా అయినప్పుడు చెయ్యి పెట్టొద్దు. గదిలో ముందే గట్టి అట్టముక్క ఒకటి, మందపాటి దుప్పటి ఒకటి గోడకి ఆనించి ఉంచుకోండి. అట్టని రెండింటి మధ్యా దించితే చూపు తెగుతుంది, చూపు తెగితే సగం కోపం పోతుంది. తర్వాత కూనని గదిలోకి పంపండి. రెచ్చిపోయిన పెద్దపిల్లిని ఓదార్చడానికి ఎత్తుకోకూడదు, ఆ కోపం గంటల తరబడి ఉండి పక్కన ఎవరుంటే వాళ్ళ మీదికి మళ్ళుతుంది. పాత పిల్లులు రెండూ తమలో తామే కొట్టుకోవడం మొదలయ్యేది కూడా ఇలాగే, నెపం కూన మీద పడుతుంది.

ఒక దెబ్బలాట జరిగితే మూడు రోజులు జాలి వెనక్కి. రక్తం వచ్చిందంటే దుప్పటి దించేసి మూసిన తలుపు భోజనాల దగ్గర్నుంచి. రెండోసారి ఆ మెట్లు త్వరగా దాటుతాయి, కంగారు పడొద్దు.

కూన మిమ్మల్ని గీరినా కొరికినా 15 నిమిషాలు పారే నీళ్ళ కింద సబ్బుతో కడిగి, ఆ రోజే రేబిస్ టీకా గురించి వైద్యుణ్ణి అడగండి. వీధి నుంచి వచ్చినది, దాని గతం మనకి తెలియదు.

మూలగది

గోడకి పెట్టే ఫెరోమోన్ డిఫ్యూజర్ (పిల్లుల్ని శాంతపరిచే వాసన వదిలే ప్లగ్) కొనాలా?

నల్లతోక

ఉంటే పెట్టండి. కొన్ని పిల్లులకి తేడా తెలుస్తుంది, కొన్నిటికి గాలే. తలుపు వెనకో సోఫా వెనకో దాచి పెడితే ఆవిరి గదిలోకి రాదు. ఆ డబ్బుతో రెండు లిట్టర్ ట్రేలు కొనాలా ఇది కొనాలా అంటే ట్రేలే.

మందులపెట్టె

మగపిల్లి ఉన్నవాళ్ళు దీన్ని దాటి వెళ్ళొద్దు. ఇంట్లో కలత రేగితే మొదట దెబ్బతినేది కొన్నిటికి మూత్రాశయం. మీ మూడేళ్ళవాడు లిట్టర్‌లోకి పదే పదే వెళ్ళి, కూర్చుని ముక్కి, చుక్క పడకుండా లేచి అక్కడే నాక్కుంటుంటే మలబద్ధకం అనుకుని ఇంటి వైద్యం చేయకండి. మూత్రం అడ్డుపడిన మగపిల్లి ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. రాత్రి అయినా తీసుకెళ్ళాలి. అందుకే ఈ వారాల్లో గడ్డకట్టే లిట్టర్ పెద్దవాటి పెట్టెల్లో ఉంటే మంచిది, రోజుకి ఎన్ని ముద్దలు, ఎంత సైజు అని లెక్క తెలుస్తుంది. పెద్దావిడ తిండి మానేసినా ఒక రోజు మించి చూడకండి, ముఖ్యంగా లావుగా ఉంటే. ఉపవాసం పిల్లి కాలేయానికి కొవ్వు పట్టిస్తుంది.

గోడమీదపిల్లి

ఇక తిండి. కూనది పెద్దవి లాగేస్తాయి, పెద్దవాటిది కూన. మగాడు మూత్రం రాళ్ళు రాకుండా డాక్టర్ రాసిన ప్రత్యేక ఆహారం మీద ఉన్నాడు. రాత్రుళ్ళు ఎప్పటి నుంచి కలిపి వదలొచ్చు?

నల్లతోక

గిన్నెల్లో ఎప్పుడూ తిండి ఉంచే అలవాటు మానేయండి. పెద్దవాటికి వేళకి పెట్టి 20 నిమిషాలకి తీసేయాలి, కూనకి రోజుకి నాలుగుసార్లు. మగాడి ఆహారం కూన ఒక పూట తింటే ఏమీ కాదు, రోజూ తింటే ఎదుగుదలకి పనికిరాదు. కూన ఆహారం మగాడు తింటే ఆ ప్రత్యేక ఆహారం పెట్టి లాభం లేదు, బరువు కూడా పెరుగుతాడు.

అట్టపెట్టెకి కన్నం చేసి కూన గిన్నె లోపల పెట్టండి. ఎంత కన్నం అంటే, అట్టని ఉంగరంలా కత్తిరించి ముందు కూన తలకి పట్టించి చూడండి. తలా భుజాలూ దూరి పెద్దపిల్లి తల ఆగిపోయే కొలత కావాలి. మగాడు పెట్టెని బోర్లా కొట్టేస్తాడు, కాబట్టి పైన రెండు లావు పుస్తకాలు. కూన నాలుగు నెలలకి వచ్చేసరికి ఈ ఉపాయం చెల్లదు, అప్పుడు గదులు మార్చి పెట్టడమే.

రాత్రుళ్ళకి తొందర లేదు. పగలంతా మీ కళ్ళ ముందు రెండు మూడు వారాలు వరసగా తగువు లేకుండా గడవాలి. మీరు ఇంట్లో లేనప్పుడూ అంతే. కూన ఒకటిన్నర కిలో దాటేదాకా ఆగితే ఇంకా మంచిది, ఒక్క విదిలింపుకి విరిగే ఎముకలు కావప్పుడు.

వెన్నముద్ద

దారాలు, రబ్బరు బ్యాండ్లు, ఆడించే పుల్ల కూడా ఆట అయ్యాక బీరువాలో. దారం మింగి కొస నోట్లోనో తోక కిందో కనబడితే లాగకండి, పేగులు కోసుకుపోతాయి. లిల్లీ జాతి పూలు ఇంట్లో ఉంటే తీసేయండి, పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పోతాయి.

గోడమీదపిల్లి

చివరిది. దీనికి ఆపరేషన్ ఎప్పుడు? మళ్ళీ వాసన మారితే ఈ కథంతా మొదటికి వస్తుందా?

మందులపెట్టె

ఐదు నెలలు నిండేలోపు. ఆడకూన నాలుగు నెలలకే ఎదకి రావచ్చు, ఆ అరుపులకి ఆపరేషన్ అయిన పెద్దవి కూడా చిరాకుపడతాయి.

వాసన మాటకొస్తే, అవును, మారుతుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన పిల్లిని కలిసి పడుకునే పిల్లి కూడా పరాయిదానిలా బుసకొట్టడం మామూలే. క్యారియర్‌ని హాల్లో తెరవొద్దు. నేరుగా పాత గదిలోకి తీసుకెళ్ళి, ఒక రోజు అక్కడే ఉంచి, కుట్టు ముట్టకుండా పాతవాటి మేజోడుతో బుగ్గలు, వీపు తుడవండి. అదే పాత దుప్పటి కింద వేయండి, ఉతికినది కాదు. మర్నాడు తలుపు భోజనం ఒకటి పెట్టి చూడండి. ఇద్దరూ తలెత్తకుండా తింటే తలుపు తీయొచ్చు. కుట్టు మానేదాకా, పది పన్నెండు రోజులు, మగాడితో కుస్తీ మాత్రం వద్దు.